పాత బైకుల కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు అమల్లోకి వచ్చాక మన దగ్గర కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. అయినా ఆర్ఎక్స్ 100లు, మిక్‌కార్బ్ కార్బ్యురేటర్ ఉన్న బుల్లెట్లు, యెజ్డీలు, సీడీ 100లు, పాత స్ప్లెండర్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వీటి యజమానులను పదే పదే ఇబ్బంది పెట్టేది పెట్రోల్ ఓవర్‌ఫ్లో, అంటే ఇంజన్‌కు పెట్రోల్, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్‌లోంచి పెట్రోల్ పొంగి కారడం. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కారడం కనిపించగానే

బండి కింద పెట్రోల్ మడుగు కట్టింది. ముందు ఏం చేయాలి?

పెట్రోల్ ట్యాప్ ఆఫ్‌లో పెట్టండి. తాళం తిప్పొద్దు, కిక్కు కొట్టొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. నేల మీదే పాకుతూ పోయి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది. బండి మెట్ల కిందో, వంటగది కిటికీ పక్కనో ఉంటే న్యూట్రల్‌లో వేసి ఆరుబయటికి నెట్టండి. మడుగు మీద ఇసుక పోయండి. నీళ్ళు పోస్తే పెట్రోల్ తేలుతూ ఇంకా దూరం పరుచుకుంటుంది. ట్యాప్ ఆఫ్ చేసినా చుక్కలు ఆగకపోతే ట్యాప్ కూడా పోయినట్టే. అప్పుడు పైపును మడిచి గట్టిగా కట్టి, ట్యాంకులోని పెట్రోల్‌ను ఇనుప డబ్బాలోకి దించేయండి.

ఓవర్‌ఫ్లో అయిన బండి. కిక్కు సగం దాకా దిగి రాయిలా ఆగిపోతోంది. గట్టిగా తొక్కొచ్చా?

అస్సలు వద్దు. పెట్రోల్ సిలిండర్‌లోకి దిగి పిస్టన్ పైన నిలిచి ఉండొచ్చు. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, ద్రవం కుంచించుకోదు. మీ బరువంతా వేసి తొక్కినా, సెల్ఫ్ మోటార్ నొక్కినా కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. తాళం ఆఫ్‌లో ఉంచి, ట్యాప్ మూసి, స్పార్క్ ప్లగ్గు విప్పండి. ప్లగ్గు క్యాప్‌ను రంధ్రానికి దూరంగా జరపండి. రంధ్రం మీద గుడ్డ కప్పి కిక్కును చేత్తో మెల్లగా దించండి. పెట్రోల్ చిమ్మి బయటికి వస్తుంది. నాలుగైదు సార్లు అలా చేశాక కిక్కు తేలిగ్గా దిగితే గండం గడిచినట్టే.

టూ స్ట్రోక్ బండి లోపలంతా తడిసిపోయింది. ఎంత కొట్టినా అందుకోవట్లేదు.

ఆర్ఎక్స్ 100, యెజ్డీ లాంటి బండ్లలో పెట్రోల్ ముందు క్రాంక్ కేసులోకి (పిస్టన్ కింది గదిలోకి) చేరుతుంది. అందుకే ప్లగ్గు తుడిచి పెట్టినా రెండు కిక్కులకే మళ్ళీ తడుస్తుంది. ట్యాప్ మూసి, చోక్ తీసేసి, ప్లగ్గు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని 15, 20 కిక్కులు కొట్టండి. తాళం మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి. పది నిమిషాలు గాలికి వదిలేసి, పొడి ప్లగ్గు పెట్టి, ట్యాప్ తెరవకుండానే యాక్సిలరేటర్ సగం తిప్పి స్టార్ట్ చేయండి. అందుకున్నాక కాసేపు దట్టంగా తెల్ల పొగ వస్తుంది. లోపల మిగిలింది కాలిపోతోందన్నమాట, కంగారు పడక్కర్లేదు.

ఇంజన్ ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తోంది. వర్క్‌షాప్ దాకా నడుపుకుంటూ వెళ్ళొచ్చా?

వెళ్ళొద్దు. ఫోర్ స్ట్రోక్ బండిలో సిలిండర్‌లోకి వచ్చిన పెట్రోల్ పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్ బేరింగులకు, క్యామ్‌కు పొరలా నిలవదు. ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ మీద మట్టం పెరిగిందా, ఆయిల్ నీళ్ళలా జారుతోందా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా ఆయిల్ మొత్తం దించి కొత్తది పోయాలి. ముందు కారడం ఆపండి, తర్వాతే ఆయిల్ మార్చండి. లేకపోతే ఆ కొత్త ఆయిల్ కూడా ఒక్క రాత్రిలో పాడవుతుంది.

స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ (కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) మీద రెండు దెబ్బలు వేస్తే ఆగిపోయింది. బాగైనట్టేనా?

తాత్కాలికంగా మాత్రమే. బౌల్‌లోకి పెట్రోల్ వచ్చే రంధ్రం అంచు (సీటు) మీద ఇరుక్కున్న నలుసు ఆ కుదుపుకు కదిలింది, లేదా ఆ రంధ్రాన్ని మూసే నీడిల్ అతుక్కుపోయి ఉంటే ఊడింది. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి ఇది మంచి ఉపాయమే. కానీ ఆ నలుసు ఇంకా బౌల్‌లోనే ఉంటుంది, దాని వెనకాల ట్యాంకులోంచి మరో పది వస్తూ ఉంటాయి. రబ్బరు పిడితో, తేలిగ్గా తట్టండి. బౌల్ మెత్తటి లోహం, రించ్‌తో కొడితే సొట్ట పడుతుంది.

## కారణం పట్టుకోవడం

అసలు ఓవర్‌ఫ్లో ఎందుకవుతుంది?

బౌల్‌లో పెట్రోల్ పెరిగేకొద్దీ లోపలి ఫ్లోట్ (తేలే బుడ్డి) పైకి లేస్తుంది. ఫ్లోట్‌కున్న నాలుక నీడిల్‌ను పైకి నెట్టి సీటు రంధ్రాన్ని మూస్తుంది. జరిగేది ఇంతే. ట్యాంకులో పెట్రోల్ మట్టం కార్బ్యురేటర్‌కు 40 సెం.మీ. ఎత్తున ఉందనుకుంటే, 2 మి.మీ. సీటు రంధ్రంలో నీడిల్ మీద పడే తోపుడు సుమారు ఒక గ్రాము బరువంత. ఫ్లోట్ దానిని సులభంగా ఆపగలదు. అంటే నీడిల్ ఓడిపోయేది బలం చాలక కాదు, సరిగ్గా ఆనక. తుప్పు నలుసు అడ్డుపడటం, నీడిల్ కొన మీద గాడి పడటం, సీటు అరగడం, ఫ్లోట్‌లోకి పెట్రోల్ దూరి బరువెక్కడం, ఫ్లోట్ ఎత్తు తప్పడం. కారణం దాదాపు ఎప్పుడూ వీటిలోనే ఉంటుంది.

విప్పకుండానే తప్పు ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది, ఖర్చు పది రూపాయల పారదర్శక పైపు. చాలామంది ఈ పని చేయకుండా కనపడిన విడిభాగమల్లా మార్చేస్తారు. అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాం.

బండిని సెంటర్ స్టాండ్ మీద సమతలంగా నిలపండి. బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ గొట్టానికి పైపు తొడిగి, రెండో కొనను పైకి మడిచి కార్బ్యురేటర్ పక్కనే, బౌల్ గ్యాస్కెట్ (బౌల్, బాడీ అతికే చోటి సీలు) గీతకు అర అడుగు పైదాకా నిలబెట్టి పట్టుకోండి. ట్యాప్ తెరిచి డ్రెయిన్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. లోపల పెట్రోల్ ఏ మట్టంలో ఉంటే పైపులోనూ అదే మట్టంలో నిలుస్తుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి.

మట్టం ఆగకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంటే నీడిల్ మూసుకోవట్లేదు. తప్పు నీడిల్‌లోనో, సీటులోనో, బరువెక్కిన ఫ్లోట్‌లోనో ఉంది. ఒకచోట ఆగింది కానీ గ్యాస్కెట్ గీతకు సమానంగానో, పైనో ఆగితే ఫ్లోట్ ఎత్తు తప్పింది. గీతకు కొన్ని మి.మీ. కింద చక్కగా ఆగి, అయినా ఓవర్‌ఫ్లో పైపులోంచి చుక్కలు పడుతుంటే నీడిల్, ఫ్లోట్ రెండూ నిర్దోషులే. బౌల్ లోపలి ఇత్తడి ఓవర్‌ఫ్లో గొట్టం పగిలింది.

నీడిల్, సీటు రెండూ కొత్తవి వేయించా. ఇంకా కారుతూనే ఉంది.

మూడు చోట్ల చూడండి. మొదటిది, బౌల్ మధ్యలో నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం. దీనికి వెంట్రుకంత చీలిక వచ్చినా, అడుగున బిగువు వదిలినా పెట్రోల్ కారుతుంది. బౌల్‌ను విడిగా తీసి, గొట్టం కొనకు కొంచెం కిందిదాకా పెట్రోల్ పోసి, పొడి కాగితం మీద పావుగంట ఉంచండి. కాగితం తడిస్తే దొంగ దొరికినట్టే. రెండోది, మరతో బిగించే సీటు కింద ఉండే వాషర్. పాతదే మళ్ళీ వేస్తే పెట్రోల్ నీడిల్‌తో పని లేకుండా సీటు పక్కనుంచి దిగుతుంది. మూడోది ఫ్లోట్. కొత్త నీడిల్ వేసినా, మునిగిపోయే ఫ్లోట్ దాన్ని మూయలేదు.

బయటికి ఏమీ కారట్లేదు. కానీ ప్లగ్గు మసిబారి, మైలేజీ పడిపోయింది. ఇదీ ఓవర్‌ఫ్లోనేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఫ్లోట్ మట్టం కాస్త ఎక్కువగా ఉంటే బయటికి రాకుండా ఇంజన్‌లోకే ఎక్కువ పెట్రోల్ పోతుంది. కానీ ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా? మికుని తరహా కార్బ్యురేటర్లలో చోక్ ప్లంజర్ అడుగున చిన్న రబ్బరు ఉంటుంది, అది అరిగితే చోక్ ఎప్పుడూ కొద్దిగా వేసినట్టే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా? యాక్సిలరేటర్ సగంలో ఉన్నప్పుడే నల్ల పొగ వస్తుంటే జెట్ నీడిల్ (ఇది ఫ్లోట్ నీడిల్ కాదు, యాక్సిలరేటర్‌తో కదిలేది), దాని చుట్టూ ఉండే నీడిల్ జెట్ ఒకదానికొకటి ఒరుసుకుని అరిగాయి.

సెంటర్ స్టాండ్ మీద బాగానే ఉంటుంది. సైడ్ స్టాండ్ వేస్తేనే కారుతుంది.

మట్టం అంచు దాకా ఉందని అర్థం. బండి ఎడమకు వాలగానే బౌల్‌లో ఒక పక్క పెట్రోల్ పైకెక్కి ఓవర్‌ఫ్లో గొట్టాన్ని అందుకుంటుంది. ఫ్లోట్ ఎత్తు సరిచేయాలి. ఫ్లోట్ తిరిగే పిన్ను రంధ్రాలు అరిగి, వాలినప్పుడు ఫ్లోట్ బౌల్ గోడకు ఆనుకుంటున్నా ఇలాగే అవుతుంది. ఫ్లోట్ పక్కల మెరుపు గీతలు కనిపిస్తే అదే కారణం.

ఎండలో నిలిపినప్పుడు మాత్రమే కారుతోంది.

ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూడండి. అది దుమ్ముతో పూడిపోతే మండుటెండలో ట్యాంకులోని ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి నీడిల్‌ను వెనక్కి తోస్తుంది. మూత తెరవగానే బుస్సుమంటే నిర్ధారణ అయినట్టే. సన్నని తీగతో రంధ్రం తెరిచి, మూతను పెట్రోల్‌తో కడగండి. బండి నిలిపినప్పుడల్లా ట్యాప్ మూయడం ఎలాగూ మంచిది.

యెజ్డీకి కార్బ్యురేటర్ పక్కన చిన్న బొత్తాం ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. జికోవ్, ఆమల్ కార్బ్యురేటర్లలో చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయడానికి కావాలనే కాస్త ఓవర్‌ఫ్లో చేసే టిక్లర్ అది. నొక్కితే ఫ్లోట్ కిందికి దిగుతుంది. దాని స్ప్రింగ్ నీరసించినా, మట్టి పట్టి కిందే ఇరుక్కున్నా ఫ్లోట్ ఎప్పటికీ పైకి లేవదు. నొక్కి వదిలితే టక్కున పైకి రావాలి.

## విప్పిన తర్వాత

బౌల్ స్క్రూల తలలు అరిగిపోతున్నాయి. ఎలా తీయాలి?

మికుని, కెహిన్ జపాన్ డిజైన్లు. వాటి స్క్రూ గాడి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక) ప్రమాణంలో ఉంటుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అడుగు దాకా దిగదు, అందుకే జారి తల తినేస్తుంది. జేఐఎస్ రెండో నంబరు స్క్రూడ్రైవర్ తీసుకుని, ముందు స్క్రూ తల మీద చిన్న దెబ్బ వేసి, బలంగా నొక్కుతూ తిప్పండి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల్ని కొంచెం కొంచెంగా బిగించండి. మరీ బిగిస్తే అల్యూమినియం మర లేచిపోతుంది.

నీడిల్ అరిగిందో లేదో ఎలా చెప్పాలి?

కొనను వెలుతురులో తిప్పుతూ భూతద్దంతో చూడండి. సీటుకు ఆనే చోట ఉంగరంలా గాడి కనిపిస్తే మార్చాల్సిందే. గోటితో తాకితే తెలిసిపోతుంది. రబ్బరు కొన ఉన్న నీడిల్ అయితే గట్టిపడిందా, ఉబ్బిందా చూడండి. రెండో కొనలో ఉండే చిన్న స్ప్రింగ్ పిన్ను నొక్కితే లోపలికి వెళ్ళి వెంటనే తిరిగి రావాలి. అది ఇరుక్కుంటే గతుకుల్లో ఫ్లోట్ కుదుపంతా నేరుగా నీడిల్ మీద పడుతుంది.

నీడిల్ కొత్తదే, సీటు పాతది. సీటు కూడా మార్చాలా?

మరతో ఊడొచ్చే సీటు అయితే రెండూ జతగానే మార్చండి. కొత్త వాషర్ తప్పనిసరి. సీటు మీద 1.5, 2.0 వంటి అంకె ఉంటుంది, అది రంధ్రం వ్యాసం మి.మీ.లలో. పాతదాని అంకే కొత్తదానికీ ఉండాలి. 2.0 బదులు 2.5 వేస్తే నీడిల్ మీద తోపుడు ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది. ఓవర్‌ఫ్లో బాగు చేయబోయి పెంచుకున్నట్టవుతుంది.

కొన్ని కార్బ్యురేటర్లలో సీటు బాడీలోనే దిగగొట్టి ఉంటుంది, ఊడదు. అప్పుడు చెవి పుల్లకు కాస్త ఇత్తడి పాలిష్ అద్ది, సీటులో నిలువుగా పెట్టి వేళ్ళ మధ్య అర నిమిషం తిప్పండి. పచ్చటి పొర పోయి సీటు అద్దంలా మెరవాలి. తర్వాత పెట్రోల్‌తో బాగా కడగండి, పాలిష్ మిగిలితే అదే కొత్త నలుసు. ఎమరీ కాగితం జోలికి మాత్రం పోవద్దు. అది వేసే గీతల్లోంచే పెట్రోల్ కారుతుంది.

ఫ్లోట్ చిల్లు పడిందని ఎలా తెలుస్తుంది?

చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోల్ ఉంటే గలగలమంటుంది. వినపడకపోతే ఆవిర్లు వచ్చే వేడినీళ్ళలో ముంచండి. లోపలి గాలి వ్యాకోచించి చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఆ నీళ్ళు పొయ్యి మీద ఉండగా కాదు, దించి దూరంగా తెచ్చాకే. ఇత్తడి ఫ్లోట్‌కు టంకం వేయించొచ్చు. కానీ లోపల చుక్క పెట్రోల్ ఉన్నా వేడికి పేలుతుంది, పూర్తిగా ఆరబెట్టాలి. టంకం ముద్దగా పడితే ఫ్లోట్ బరువెక్కి మట్టం మారుతుంది. ప్లాస్టిక్ ఫ్లోట్‌కు అతుకు నిలవదు, కొత్తది కొనండి.

రిపేర్ కిట్‌లో ఉన్నవన్నీ మార్చేయమంటారా?

వద్దు. గ్యాస్కెట్, ఓ రింగులు, నీడిల్, సీటు మార్చండి. పాత మెయిన్ జెట్, పైలట్ జెట్ (పెట్రోల్ కొలతగా వెళ్ళే సన్న రంధ్రాల ముక్కలు) అసలు కంపెనీవైతే శుభ్రం చేసి అవే పెట్టండి. చవక కిట్లలో జెట్ మీద అంకె ఒకటి, రంధ్రం ఇంకొకటి ఉండటం మామూలే. జెట్ రంధ్రంలో ఇనుప పిన్ను పెట్టి కెలకొద్దు, వైరులోని ఒక్క రాగి పోగు చాలు. క్లీనర్ స్ప్రే కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ తీసేయండి, అది వాటిని ఉబ్బిస్తుంది.

బిగించేముందు ఓవర్‌ఫ్లో ఆగిందో లేదో చూడొచ్చా?

చూడొచ్చు. నీడిల్, ఫ్లోట్ అమర్చి, బౌల్ పెట్టకుండా కార్బ్యురేటర్‌ను తలకిందులు చేయండి. పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు తొడిగి మెల్లగా ఊదండి. ఫ్లోట్ తన బరువుకే నీడిల్‌ను మూసి, గాలి అసలు పోకూడదు. వేలితో ఫ్లోట్‌ను ఎత్తితే ధారాళంగా పోవాలి. దీనికి కంప్రెసర్ గాలి వాడొద్దు, ఆ ఒత్తిడికి మంచి నీడిల్ కూడా లేస్తుంది.

## ఫ్లోట్ ఎత్తు

ఫ్లోట్ ఎత్తు ఎలా కొలవాలి? ఎటు వంచితే ఏమవుతుంది?

మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో అంకె ఉంటుంది, దాన్నే నమ్మండి. ఒక బండి అంకె ఇంకో బండికి పనికిరాదు. గ్యాస్కెట్ తీసేసి, కార్బ్యురేటర్‌ను తలకిందులుగా పట్టుకుని కాస్త వాల్చండి. నాలుక నీడిల్ స్ప్రింగ్ పిన్నును తాకాలి, కానీ నొక్కకూడదు. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే: పూర్తిగా తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకు స్ప్రింగ్ నొక్కుకుపోయి కొలత తక్కువ వస్తుంది. ఆ స్థితిలో గ్యాస్కెట్ ఆనే అంచు నుంచి ఫ్లోట్ చివరి అంచు దాకా వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

ఈ ఎత్తు ఎక్కువైతే బౌల్‌లో పెట్రోల్ మట్టం తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. వినడానికి తిరగేసినట్టుంటుంది గానీ, కొలిచేది తలకిందులుగా కాబట్టి అంతే. ఓవర్‌ఫ్లో తగ్గాలంటే నాలుకను నీడిల్ వైపు వెంట్రుకవాసి వంచండి. వంచేటప్పుడు నాలుకను మాత్రమే పట్టుకోండి. నీడిల్ మీద నొక్కి వంచితే కొన దెబ్బతింటుంది. రెండు ఫ్లోట్లు ఉంటే రెండింటి ఎత్తూ ఒకటే రావాలి.

నా ఫ్లోట్ నాలుక ప్లాస్టిక్‌ది. వంగదు.

వంచడానికి చూడొద్దు, విరుగుతుంది. అలాంటి కార్బ్యురేటర్లలో ఎత్తు ఫ్యాక్టరీలోనే ఖరారు. కొలత తప్పిందంటే నీడిల్ పొడవు వేరే మోడల్‌దైనా అయ్యుండాలి, ఫ్లోట్ అయినా వంకర పోయుండాలి. సరైన మోడల్ భాగాలు వేస్తే కొలత దానంతట అదే కుదురుతుంది.

## మళ్ళీ రాకుండా

ప్రతి రెండు నెలలకూ నీడిల్ కింద చెత్త చేరుతోంది.

జబ్బు కార్బ్యురేటర్‌లో లేదు, ట్యాంకులో ఉంది. టార్చి వేసి లోపల చూడండి. ఎర్రగా ఉంటే ట్యాంకు దించి, ట్యాప్ విప్పి రంధ్రం మూసి, లెక్కపెట్టిన 20, 30 చిన్న నట్లు వేసి బాగా ఊపండి. లెక్క తప్పకుండా అన్నీ బయటికి తీయండి. తర్వాత తెల్ల వెనిగర్ నిండా పోసి ఒక రోజు ఉంచండి. దించాక వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా కాస్త పెట్రోల్ పోసి తిప్పండి. తడి ఇనుము గంటల్లోనే మళ్ళీ తుప్పు పడుతుంది.

పైపు కూడా మార్చండి. పాత రబ్బరు పైపు లోపల పొరలుగా రాలుతుంది. బౌల్‌లో నల్లటి మెత్తటి ముక్కలు కనిపిస్తే అవి దానివే.

బయట ఫిల్టర్ పెట్టిస్తే సరిపోతుందా?

శుభ్రమైన ట్యాంకుకు తోడుగా అయితే మంచిదే. తుప్పు ట్యాంకుకు బదులుగా కాదు, సన్నని పొడి జాలీలోంచి దాటిపోతుంది. పెట్రోల్ దానంతట అదే కిందికి దిగే బండ్లకు జాలీ రకం తీసుకోండి. పంపు ఉన్న వాహనాల కాగితపు ఫిల్టర్ వేస్తే పెట్రోల్ చాలక స్పీడు మీద బండి ఆగుతుంది. పైపు ఎక్కడా పైకి వంపు తిరగకూడదు, అక్కడ గాలి నిలిచిపోతుంది.

ఇథనాల్ పెట్రోల్ వల్లే కారుతోందంటున్నారు. నిజమేనా?

కొంతవరకు నిజం. 2025 నాటికి బంకుల్లో మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్ల ఓ రింగులు, గ్యాస్కెట్లు, ట్యాప్ రబ్బర్లు దాని కోసం తయారైనవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు దిగి తుప్పు పట్టిస్తుంది. విటాన్ రబ్బరు భాగాలు అడిగి తీసుకోండి, ఇథనాల్‌ను మామూలు రబ్బరు కంటే బాగా తట్టుకుంటాయి.

బండి రెండు మూడు నెలలు తీయను. ఏం చేసి పెట్టాలి?

ట్యాప్ మూసి, డ్రెయిన్ స్క్రూ తిప్పి బౌల్ ఖాళీ చేయండి. బౌల్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరైపోతూ జిగురులా మారి నీడిల్‌ను సీటుకు అతికిస్తుంది. నెలల తర్వాత ట్యాప్ తెరవగానే ఓవర్‌ఫ్లో అయ్యేది చాలావరకు ఇందుకే. ట్యాంకును మాత్రం నిండా ఉంచండి, ఖాళీ జాగా ఎంత తక్కువైతే తేమ అంత తక్కువ.

ట్యాప్ సరిగ్గా మూసుకుంటోందో లేదో ఎలా చూడాలి?

ఆఫ్‌లో పెట్టి, కార్బ్యురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో దించండి. పది నిమిషాల్లో ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే లోపలి నాలుగు రంధ్రాల రబ్బరు వాషర్ మార్చండి. విప్పడానికి వీల్లేని రకం అయితే ట్యాప్ మొత్తం మార్చండి. నీడిల్ ఎంత కొత్తదైనా, రాత్రంతా దాని ఒక్కదాని మీదే భారం వేయకూడదు.